మామిడికాయ గీయని పరీక్ష

జులై మొదటి సోమవారం ఆనందకుమారి క్లాసులోకి వచ్చీ రాగానే చేసిన పని, బల్లల మీదున్న కాపీ పుస్తకాలన్నీ పోగు చేయించి, బీరువాలో పెట్టి తాళం వేయడం.

ముప్పై ఆరుమంది ట్రైనీలు తెల్లబోయి చూశారు. ఆ పుస్తకాల్లో మామిడికాయ, కూజా, తమలపాకు, మూసిన గొడుగు వరసగా ఉంటాయి. వాటిని చూసి టీచరు నల్లబల్ల మీద గీయాలి. నల్లబల్లను చూసి పిల్లలు పలకల మీద గీయాలి. నెల్లూరు జిల్లా కోట ఊరికి తూర్పున, సముద్రం హోరు వినపడే దూరంలో ఉన్న ఆ టీచర్ల ట్రైనింగ్ స్కూల్లో డ్రాయింగంటే ఏళ్ల తరబడి అదే. పాత డ్రాయింగు మాస్టరు రిటైరైతే, 1961లో ఆయన స్థానంలోకి ఈ అమ్మాయి నెల్లూరు నుంచి టెంపరరీగా వచ్చింది. మద్రాసులో చిత్రలేఖనం చదువుకుంది. ఇరవై నాలుగేళ్లు.

"మీ ఇంటి గుమ్మంలో నిలబడితే ఏం కనపడుతుందో అది గీయండి" అంది.

వెనక బల్లలోంచి ఒకతను లేచాడు. పొడుగ్గా, కాస్త నల్లగా, మోచేతుల దాకా మడిచిన చొక్కాతో ఉన్నాడు. పేరు హజరత్తయ్య. ఉప్పుగుంటపాళెం అనే చేపలు పట్టే పట్టపోళ్ల పల్లెలో నాలుగేళ్లు ట్రైనింగ్ లేకుండానే పాఠాలు చెప్పి, ఇప్పుడు సర్టిఫికెట్ కోసం వచ్చినవాడు. టీచరు కన్నా ఏడాది పెద్ద.

"మార్చిలో ఎగ్జామినరు వచ్చి మామిడికాయ అడుగుతాడు. గుమ్మంలో ఏం కనపడతందో అడగడు. మాకు బొమ్మలు రావడం కాదు టీచర్, మార్కులు రావాల" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. ఆనందకుమారి నవ్వలేదు, కోప్పడనూ లేదు. ముందు గీయండి, తర్వాత పోట్లాడుకుందాం అంది.

అతను కూర్చుని, స్కేలు తీసి, కాగితం మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత గీసి, చేతులు కట్టుకున్నాడు. పక్కనున్న విజయభాస్కర్ నవ్వాపుకోలేక బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాడు.

"ఏమిటిది?" అంది ఆమె, దగ్గరకొచ్చి.

"సముద్రం."

"సముద్రం స్కేలు పెట్టినట్టు ఉంటుందా?"

"దూరం నుంచి అట్నే ఉంటది."

"అయితే దగ్గరికి పోయి రండి" అంది. ఆ మాటకి క్లాసు రెండోసారి నవ్వింది. ఈసారి అతని మీద.

ఆదివారం నాడు పంతం కొద్దీ పోయాడు. కాగితం అట్టకి గుచ్చుకుని, ఇసకలో కూర్చుని, రెండు గంటలు గీశాడు. ఒక కాగితం గాలికి పోయింది, ఇంకోటి తడిసింది. మూడోదాన్ని సోమవారం తెచ్చి బల్ల మీద పడేశాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇది దున్నిన చేనులా ఉంది" అంది.

"మాది సేద్యం టీచర్. నాకు తెలిసింది అదే."

ఎగతాళి చేస్తుందనుకున్నాడు. ఆమె నాలుగు గుండుసూదులు తీసి ఆ బొమ్మను గోడకు గుచ్చింది. ఇలాంటి సముద్రం మద్రాసులో ఎవరూ గీయలేదు, మా మాస్టార్లు కూడా, అంది. మామూలుగా, లెక్కల మాస్టరు లెక్క సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. హజరత్తయ్య ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. విజయభాస్కర్ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు.

ఆమె పద్ధతి విచిత్రంగా ఉండేది. కొనుక్కొచ్చిన రంగులు అక్కర్లేదంది. పొయ్యిలో బొగ్గు, విరిగిన ఇటుక, పసుపు, బట్టల నీలిమందు, గోరింటాకు పసరు చాలంది. రేపు మీరు పోయే పల్లెల్లో రంగుపెన్సిళ్లు ఎవరిస్తారు, అడుక్కుంటూ కూర్చుంటారా అని అడిగేది. వారానికి రెండు రోజులు ట్రైనీలను పక్కనున్న మోడల్ స్కూలుకి తీసుకుపోయి పిల్లల మధ్య కూర్చోబెట్టేది. అక్కడ రెండే రూళ్లు. పిల్లలు గీసిన దాన్ని ముట్టుకోకూడదు. ఇదేం బొమ్మ అని అడక్కూడదు, దీని సంగతి చెప్పు అని అడగాలి.

మొదటి రూలును హజరత్తయ్య మొదటి వారంలోనే దాటాడు. మూడో క్లాసు పిల్ల ఒకతె పడవను వేసి, దాని కింద పడవకి మూడింతల చేపను వేసింది. ఇతను రబ్బరు తీసుకుని చేపను చెరిపి, బుద్ధిగా చిన్న చేపను గీసిచ్చాడు. పిల్ల పెన్సిలు కింద పెట్టేసింది. మళ్లీ పట్టుకోలేదు.

ఆనందకుమారి వచ్చి అతని చేతిలో రబ్బరు తీసుకుంది. పిల్ల పక్కన చతికిలబడి, ఇంతకుముందు ఇక్కడున్న చేప సంగతి చెప్పమంది. అడగ్గా అడగ్గా పిల్ల చెప్పింది. ఆ చేప వాళ్ల నాయన్ని, చిన్నాయన్ని, పడవను ఒక పొద్దు పొద్దంతా లాక్కుపోయిందట. వల తెంపుకుని పోయిందట. వాళ్లమ్మ ఆ రోజు అన్నం వండలేదట.

"దాన్ని మీరు వేలెడు లేని నెత్తళ్లంత చేశారు" అంది ఆనందకుమారి అతనితో.

ఆ సాయంత్రం హజరత్తయ్య మోడల్ స్కూలు మెట్ల మీద ఒంటరిగా కూర్చుని, ఉప్పుగుంటపాళెంలో నాలుగేళ్లలో తాను ఎన్ని చేపల్ని చెరిపేసి ఉంటాడో ఆలోచించాడు. మర్నాడు క్లాసుకి ముందే వచ్చి, తన రబ్బరును ఆమె బల్ల మీద పెట్టి, ఇది నాకొద్దు టీచర్ అన్నాడు. ఆమె దాన్ని సొరుగులో వేసుకుంది. వేసుకుంటూ మొదటిసారి అతన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు గురించి విజయభాస్కర్‌కి చెప్పాలనుకుని, చెప్పడం రాక మానేశాడు.

అప్పట్నుంచి వాళ్ల పోట్లాట ఆగిందని కాదు. రోజూ ఏదో ఒకటి. పిల్లలకి స్వేచ్ఛ ఇస్తే పలకలు పగలగొడతారని అతను, మీరు బెత్తంతో ఏం పగలగొడుతున్నారో చూశారా అని ఆమె. అతను కావాలని అడ్డం మాట్లాడేవాడు. ఆమెకి అది తెలుసు. అతను ఏ రోజైనా నోరు మూసుకుని కూర్చుంటే, "హజరత్తయ్య గారికి ఈ రోజు అభ్యంతరం లేదా?" అని ఆమే అడిగేది.

నవంబరులో వాయుగుండం పట్టింది. ఒక మధ్యాహ్నం స్కూలు తొందరగా వదిలేశారు. వరండాలో పురికొసకి ట్రైనీల బొమ్మలు ఆరేసి ఉన్నాయి. వాన మామూలుగా పైనుంచి పడకుండా, సముద్రం వైపు నుంచి ఏటవాలుగా, ఎవరో చేటతో చెరిగి కొట్టినట్టు వరండాలోకి వచ్చింది. ఆనందకుమారి ఆ చివర నుంచి, సైకిలు కోసం వెనక్కొచ్చిన హజరత్తయ్య ఈ చివర నుంచి కాగితాలు లాగుతూ మధ్యలో ఎదురుపడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ తడి బొమ్మలు. పసుపూ నీలిమందూ కలిసి ఆమె తెల్ల చీర కొంగు మీదికి కారి పచ్చగా పాకాయి.

అతను ఆ కొంగు వైపు చూసి, "పైరు మొలిచింది టీచర్" అన్నాడు.

ఆమె కిందికి చూసుకుని పగలబడి నవ్వింది. అతని ముక్కు మీద నీలం చుక్క ఉంది, అది ఆమె చెప్పలేదు. క్లాసులోకి పోయి తలుపులు దగ్గరగా వేసి, తడవని బొమ్మల్ని విడిగా, తడిసినవాటిని విడిగా నేల మీద పరిచారు. బయట వాన తప్ప ఇంకేం వినపడటం లేదు. అతను వంగి కాగితాలు సర్దుతూనే, నేనొక మాట చెప్పాలని అన్నాడు.

"చెప్పొద్దు" అంది ఆమె.

అతను తలెత్తాడు.

"మార్చిలో మీ మార్కుల కాగితం మీద నా సంతకం కూడా ఉంటుంది. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే నేను తల దించుకోవాలి. నేను తల దించుకోను. మీరు పాసయ్యేదాకా నేను మీ టీచర్ని. అప్పటిదాకా ఆ మాట మీ దగ్గరే ఉంచుకోండి."

"ఆ మాటేందో మీకు తెలుసా?"

"బొమ్మలు చూడటమే కదా నా పని" అంది ఆనందకుమారి. గొడుగు తీసుకుని వానలోకి పోయింది. ఆ గాలికి పది అడుగుల్లోనే గొడుగు తిరగబడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, కానీ అతను చూస్తున్నాడని తెలిసినట్టే నడిచింది.

ఆ తర్వాత హజరత్తయ్య చదివినట్టు ఆ బ్యాచిలో ఎవరూ చదవలేదు. సైకాలజీ, స్కూలు నిర్వహణ, అన్నీ బట్టీపట్టాడు. కోర్సు అయిపోయే ఏప్రిల్ కోసం రోజులు లెక్కపెట్టాడు. ఆమెతో క్లాసులో వాదించడం మాత్రం మానలేదు. మానితే అందరికీ అనుమానం వస్తుందని విజయభాస్కర్‌తో అన్నాడు. అప్పటికే అందరికీ అనుమానం వచ్చిందని విజయభాస్కర్ అతనికి చెప్పలేదు.

జనవరిలో హెడ్మాస్టరు రంగనాయకులు గారు ఆనందకుమారిని పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. కిందటేడు పదకొండుమంది డ్రాయింగు పాఠం పరీక్షలో ఫెయిలయ్యారు, ఆ మాట ఆయన మెడ మీద కత్తిలా ఉంది. బీరువా తెరిచి పుస్తకాలు ఇచ్చెయ్యమన్నారు. ఆమె ఇవ్వనంది. పిల్లల చేత మామిడికాయ గీయించడం చేతిరాత నేర్పడమే కానీ బొమ్మలు నేర్పడం కాదంది. మీది టెంపరరీ పోస్టని ఆయన గుర్తు చేశారు. గుర్తుంది, అందుకే ఉన్నన్నాళ్లూ సరిగ్గా చెప్పాలనుకుంటున్నానంది. ఆయన వడ్రంగిని పిలిపించి తాళం ఊడదీయించి, పుస్తకాలు పంచిపెట్టారు.

పరీక్షకి ముందు రోజు మాత్రం ఆమె ట్రైనీలను కూర్చోబెట్టి వేరే మాట చెప్పింది.

"రేపు మామిడికాయే గీయండి. పాసవండి. ఎదిరించాల్సింది ఎగ్జామినర్ని కాదు. మీ మీ ఊళ్లలో మీ స్కూల్లో తలుపేసుకుని, మీకు తెలిసినట్టు చెప్పండి. మీకు ఉద్యోగం ఉంటేనే కదా పిల్లలు మీ దగ్గరికొస్తారు."

ఆఖరి వాక్యం చెప్పేటప్పుడు వెనక బల్ల వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. అది హజరత్తయ్యకి అర్థమైంది.

మర్నాడు అతనికి మోడల్ స్కూల్లో నాలుగో క్లాసు వచ్చింది. పాఠం మామిడికాయ. ఎగ్జామినరు కుర్చీలో కూర్చున్నాడు, పక్కన రంగనాయకులు గారు నిలబడ్డారు. హజరత్తయ్య చాక్‌పీసు తీసుకుని నల్లబల్ల వైపు తిరిగాడు. వంపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు, వందసార్లు గీశాడు. వెనక్కి తిరిగి చూస్తే ముప్పైమంది పిల్లలు పలకా బలపం పట్టుకుని, తను గీయగానే గీయడానికి సిద్ధంగా ఉన్నారు. అందులో ఆ పెద్ద చేప వేసిన పిల్ల అక్క కూడా ఉంది.

చాక్‌పీసు కింద పెట్టేశాడు. పలకలు పక్కన పెట్టమని, పాత పేపర్లు నేల మీద పరిచి, బొగ్గూ ఇటుకముక్కలూ పంచాడు. పొద్దున ఇంటి నుంచి స్కూలుకొచ్చే దారిలో మీరు చూసిందాంట్లో మీకు బాగా గుర్తున్నది వెయ్యండి అన్నాడు. నలభై నిమిషాలు పిల్లల మధ్య తిరిగాడు. ఒకరి బొమ్మనూ ముట్టుకోలేదు.

నల్లబల్ల మీద ఏమీ గీయకుండా డ్రాయింగు పాఠమేమిటని ఎగ్జామినరు అడిగాడు. నేను గీస్తే వాళ్లు నాది గీస్తారండీ, వాళ్లది గీయరు అన్నాడు హజరత్తయ్య. ఎగ్జామినరు నల్లబల్ల పని అన్న చోట సున్నా వేశాడు. మిగతావాళ్లంతా పాసయ్యారు. ఇతనొక్కడు సెప్టెంబరులో మళ్లీ రావాలి.

ఆనందకుమారి అతన్ని స్కూలు వెనక బావి దగ్గర పట్టుకుంది. అంత కోపంగా ఆమెను ఎవరూ చూడలేదు.

"నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి?"

"మీరు ఎనిమిది నెల్లు చెప్పింది చేసినా. చివరి రోజు చెప్పింది చెయ్యలేదు."

"ఏప్రిల్లో మీరు నాతో ఒక మాట చెప్పాలి. ఇప్పుడెట్లా చెప్తారు? మళ్లీ ఆరు నెలలు."

"దానికోసం ఆ పిల్లకాయల చేత అబద్ధం గీయించి, అదే చేతుల్తో మీ దగ్గరికొస్తే మీరు వింటారా?" అన్నాడు అతను. "వినరు. నాకు తెలుసు."

ఆమె బావి గట్టు మీద కూర్చుని, ముఖం తిప్పుకుని, కాసేపు ఏడ్చింది. అతను కాస్త దూరంగా నిలబడి ఎవరూ రాకుండా దారి కాశాడు. ఆమె లేచి కళ్లు తుడుచుకుని, పాఠం బాగా చెప్పారు అనేసి వెళ్లిపోయింది.

మే నెలలో ఆమె పోస్టు కొనసాగించడం లేదని కాగితం వచ్చింది. నిర్ణయించిన పుస్తకాలు వాడలేదన్నది ఒక కారణం. పేరు లేకుండా ఎవరో రాసిన ఉత్తరం రెండో కారణం, అందులో ఆమె పేరూ హజరత్తయ్య పేరూ ఉన్నాయి. ఆమె రంగనాయకులు గారిని ఆ రెండో కారణం కాగితం మీద రాసిమ్మంది. ఆయన రాయలేదు, ఆమె ముఖమూ చూడలేదు. అప్పుడామె రిలీవింగ్ ఆర్డరు కింద, తన సంతకానికి పైన, "నేను నేర్పింది తప్పని ఎవరూ నిరూపించలేదు" అని రాసి ఇచ్చింది. నెల్లూరు పోయి, ఒక మిషను వాళ్ల ఆడపిల్లల స్కూల్లో చేరింది.

హజరత్తయ్య ఉప్పుగుంటపాళెంలో తన పాత ఉద్యోగంలోకి వచ్చాడు. జూన్ పోయింది. ఉత్తరం రాద్దామని మొదలుపెట్టి నాలుగుసార్లు చించేశాడు. పాసవలేదు, ఏ ముఖంతో రాస్తాడు.

జులైలో ఒక శనివారం పొద్దెక్కాక పిల్లలు పాఠం వదిలేసి కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ఎవరో ఆడమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో మూడు మైళ్లు నడిచి వస్తోంది. బస్సు ఉప్పు పండించే కయ్యల అవతలే ఆగిపోతుంది.

ఆనందకుమారి వరండాలో చెప్పులు పెట్టి లోపలికొచ్చింది. గోడల మీద ఒక్క ఖాళీ లేదు. బొగ్గు పడవలు, ఇటుకరంగు పీతలు, పసుపు ఎండ. వాటిని ఒక్కొక్కటే చూస్తూ అతని దాకా వచ్చింది. అతను చేతిలో చాక్‌పీసుతో నిలబడిపోయాడు.

"నేనిప్పుడు మీ టీచర్ని కాదు" అంది. "నవంబరు నుంచి ఒక మాట మీ దగ్గర ఉండిపోయింది. వినడానికొచ్చాను."

"పాసయ్యేదాకా అన్నారు. నేనింకా పాసవలేదు."

"ఆ షరతు పెట్టిన టీచర్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమెతో పాటు షరతూ పోయింది."

అతను పిల్లల వైపు చూశాడు. నలభై జతల కళ్లు. బయటికి పోదామా అన్నాడు. ఎండ మండిపోతోంది, ఇక్కడే చెప్పండి అంది. హజరత్తయ్య చాక్‌పీసును అటూ ఇటూ తిప్పాడు, అది విరిగింది.

"నాకు మీతో బతకాలని ఉంది. రోజూ పోట్లాడుకుంటా" అన్నాడు.

"నేను నవంబరులోనే ఒప్పుకున్నాను" అంది ఆనందకుమారి. "నడిచొచ్చి దాహమవుతోంది. నీళ్లివ్వండి."

సెప్టెంబరు పరీక్షకి ముందు ఆమె అతనికి ఏ సలహా ఇవ్వలేదు. అతనే అడిగాడు, ఏం చెయ్యమంటారని. మీరేం చేసినా నేను నెల్లూరు బస్టాండులో ఉంటాను అని మాత్రం రాసింది.

మళ్లీ మామిడికాయే వచ్చింది. ఎగ్జామినరు మాత్రం వేరే ఆయన. హజరత్తయ్య పిల్లల్ని, ఇప్పుడు మామిడికాయలు లేవు కదా, ఆఖరిసారి మీరు తిన్న కాయ గుర్తుందా అని అడిగాడు. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకడిది చెట్టెక్కి కోసి కిందపడ్డ కాయ. ఒకతెది ముక్కలు కోసి ఉప్పులో వేసింది. ఒకతెది పురుగున్నది, ఆ పురుగుకి కళ్లు కూడా పెట్టింది. ముప్పైమంది ముప్పై కాయలు వేశారు. నల్లబల్ల ఖాళీగానే ఉంది.

ఎగ్జామినరు లేచి పిల్లల మధ్య తిరిగి, పురుగు దగ్గర ఆగి, దాని సంగతి అడిగాడు. పిల్ల చెబుతుంటే గంట కొట్టినా కదల్లేదు. ఏమీ మెచ్చుకోలేదు. పాసు మార్కులు వేసి పోయాడు. అంతకన్నా ఒక్క మార్కు ఎక్కువ వేయలేదు.

నెల్లూరు బస్టాండులో ఆనందకుమారికి ఈ సంగతి చెప్పినప్పుడు, ఒక్క మార్కు తగ్గినా మళ్లీ మార్చిలో వచ్చి మళ్లీ ఇదే చేసేవారా అని అడిగింది. చేసేవాణ్ణే అన్నాడు. తెలుసులే అని అతని చేతి సంచీ తను పట్టుకుంది. నలుగురూ చూస్తున్నారని అతనంటే, చూడటం మంచి అలవాటే కదా అంది.

ఆమె తల్లి ఎస్తేరమ్మ ఆస్పత్రిలో నర్సు. భర్త పోయినాక ఒక్కతే కూతుర్ని చదివించింది. పెళ్లి చర్చిలోనే జరగాలి, అబ్బాయి బాప్తిస్మం తీసుకోవాలి అంది. హజరత్తయ్య తీసుకోనన్నాడు. నమ్మకం లేకుండా మునిగితే మీ దేవుడికే మర్యాద కాదన్నాడు. ఎస్తేరమ్మ నెల రోజులు కూతురితో మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం అతన్ని భోజనానికి పిలిచింది. మా అమ్మాయికి కోపమొస్తే మూడు రోజులు పలకదు, ఓర్చుకుంటావా అని అడిగింది. ఓర్చుకుంటానన్నాడు. అయితే ఇంకో ముద్ద పెట్టుకోమంది.

కోట దగ్గర హజరత్తయ్య వాళ్ల ఊళ్లో పని అంత సులువుగా కాలేదు. తండ్రి చెంచురామయ్య ఆరెకరాల మాగాణి సొంతంగా చేసే మనిషి. అరుగు మీద కూర్చుని, వచ్చిన పిల్లను ఎగాదిగా చూసి, పేరు మార్చుకుంటావా, బొట్టు పెట్టుకుంటావా అని అడిగాడు.

"బొట్టు నాకిష్టమైతే పెట్టుకుంటాను. పేరు మార్చుకోను. అది మా నాన్న పెట్టింది" అంది ఆనందకుమారి.

"అయితే నా గడప తొక్కబాకండి" అన్నాడు చెంచురామయ్య.

అప్పటిదాకా తలుపు చాటునున్న తల్లి వెంకటశేషమ్మ బయటికొచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో భర్త మాటకి ఎదురు చెప్పడం ఊళ్లో ఎవరూ వినలేదు.

"మూడు కాన్పులు పోయినాక, బిడ్డ నిలబడితే ఆ హజరత్తు పేరు పెట్టుకుంటామని దర్గాలో మొక్కుకున్నాం. నువ్వూ నా పక్కనే నిలబడుంటివి. ఆ పొద్దు ఆయన మతమేందని నువ్వడగలేదే. వీడు బతికినాక ఇప్పుడు అడగతా ఉండావా?" అంది.

చెంచురామయ్య కండువా దులిపి భుజాన వేసుకుని పొలం వైపు వెళ్లిపోయాడు. వెంకటశేషమ్మ ఆ పిల్లను లోపలికి రమ్మనబోతే ఆనందకుమారి ఆగింది. ఆయన రమ్మన్న రోజు వస్తానత్తా అంది.

ఇద్దరూ నెల్లూరు రిజిస్ట్రారాఫీసులో నోటీసు ఇచ్చారు. ఎవరూ ఎవరి మతమూ మార్చుకోనక్కర్లేని పెళ్లి అది. ముప్పై రోజులు ఆ నోటీసు బోర్డు మీద ఉండాలి, అభ్యంతరాలున్నవాళ్లు చెప్పుకోవాలి. ఊరంతా వచ్చి చదివిపోయింది. స్కూల్లో ఒక టీచరు, అలా బోర్డు మీద పేరు పడటం సిగ్గుగా లేదా అని ఆనందకుమారిని అడిగింది. పేరు తప్పు రాశారేమోనని రోజూ పోయి చూసుకుంటున్నాను, సరిగ్గానే ఉంది అని చెప్పిందామె. రంగనాయకులు గారు కూడా వచ్చి చదివారని, అభ్యంతరం ఏమీ రాయకుండా పోయారని గుమాస్తా చెప్పాడు.

1963 ఫిబ్రవరిలో ఆ రోజు వచ్చింది. ముగ్గురు సాక్షులు కావాలి. ఎస్తేరమ్మ ఉంది, విజయభాస్కర్ ఉన్నాడు. మూడో సాక్షిగా వస్తానన్న తోటి టీచరు ఇంట్లోవాళ్లకి భయపడి రాలేదు. పదకొండైంది, పన్నెండైంది. రిజిస్ట్రారు గడియారం చూసుకున్నాడు. వీధిలో పోయేవాళ్లనైనా పిలుచుకొస్తానని విజయభాస్కర్ బయటికి పోయి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

వెంకటశేషమ్మ మెట్లెక్కుతోంది. ఆమె వెనక పది గజాల దూరంలో చెంచురామయ్య, తనకేమీ సంబంధం లేనట్టు గోడల మీది కాగితాలు చదువుకుంటూ వస్తున్నాడు.

గుమాస్తా ఆమెను సంతకం వచ్చా అని అడిగాడు. రాదు, వేలిముద్ర వేస్తానంది. అతను సిరా అట్ట తీస్తుంటే చెంచురామయ్య లోపలికొచ్చి, భార్యను పక్కకి జరగమని సైగ చేసి, కలం అందుకున్నాడు. ఇంటిపేరుతో సహా నిదానంగా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం చేశాడు. తడి ఆరేదాకా చూసి, తలెత్తాడు.

"రేపు కోత పెట్టుకున్నా. మనుషులు చాల్లేదు. ఇద్దురూ పొద్దుటి బస్సుకి రాండి" అన్నాడు.

ఆనందకుమారే మాట్లాడింది.

"వస్తాం మామయ్యా. పేరు మాత్రం అదే."

"ఎవురు మార్చమన్నారిప్పుడు" అన్నాడు చెంచురామయ్య. "కొడవలి పట్టడం వచ్చా నీకు?"

"రాదు. చూసి నేర్చుకుంటాను."

"చూస్తే సరిపోదు. వంగాల" అని ఆయన మెట్లు దిగి బస్టాండు వైపు ముందు నడిచాడు.